పెళ్ళిగుర్రానికి నీళ్ళు

గుర్రపు లద్దెను బకెట్టు నీళ్ళలో కలిపి, తేటపడేదాకా కదపకుండా ఉంచితే అడుగున ఇసుక ఎంత పేరుకుందో కంటికి కనబడుతుంది. చిత్తూరు ఊరి చివర ఉన్న ఆ చిన్న లాయంలో నేను చేసిన మొదటి పరీక్ష అదే. వేరుశనగ కట్టెను వేళ్ళతో సహా పీకి ఎండబెట్టి మేపుతారు గనుక, ఆ వేళ్ళకు అంటిన ఇసుక కడుపులో చేరి నొప్పి తెస్తున్నదేమోనని నా అనుమానం. నీళ్ళు తేరుకున్నాయి. అడుగున చిటికెడు ఇసుక ఉన్నది. అంతే. అనుమానం నిలవలేదు.

నేను తిరుపతిలో పశువైద్యురాలిని. నా పని చాలావరకు పాడి ఆవులతో. గుర్రాలు అరుదు. ఈ ప్రాంతంలో గుర్రాన్ని సాకుతున్నారంటే పందేలకోసం కాదు, పెళ్ళి ఊరేగింపుకోసం. వరుణ్ణి వీపు మీద మోస్తూ, బ్యాండు దెబ్బకు కాళ్ళు ఎత్తి వేస్తూ, మండపం దాకా ఆడుతూ నడవాలి. ఈ లాయంలో ఉన్న తెల్లని ఆడగుర్రం ఆ పనిలో ఆరితేరింది. యజమాని నడివయసు మనిషి. ఇంట్లో ఉర్దూ, వీధిలో చిత్తూరు తెలుగు. తండ్రి చేతినుంచి వచ్చిన వృత్తి. ఇంకో గుర్రం ఉండేది గాని ముసలిదై చనిపోయింది. ఇప్పుడు ఇల్లంతా దీని మీదే నడుస్తున్నది.

ముహూర్తాలు మొదలైనప్పటినుంచి దానికి పదేపదే శూలనొప్పి. నేల మీద పొర్లడం, పక్కకు తిరిగి డొక్క చూసుకోవడం, చెమటతో తడిసిపోవడం. ప్రతిసారీ ముక్కులోంచి గొట్టం వేసి, నూనె పట్టించి, సూదులు వేసి నిలబెట్టాను. గుర్రానికి వాంతి రాదు. పేగు అడ్డుపడితే బయటికి దారి ఉండదు. శస్త్రచికిత్స చేయించాలంటే చెన్నై దాకా తీసుకుపోవాలి. అంత నొప్పితో అంత దూరం లారీలో నిలబడి ప్రయాణం చేయగలదని నేను నమ్మలేదు. ఇంకొక గట్టి దెబ్బ తగిలితే ఇది దక్కదని యజమానికి దాపరికం లేకుండా చెప్పాను. అతను తల వంచుకుని దాని జూలు దువ్వుతూ ఉండిపోయాడు.

ఆ తరువాత సలహాలు వచ్చిపడ్డాయి. ఉలవలు వేడి చేశాయని యజమాని అన్నాడు. దిష్టి తగిలిందని అతని తల్లి గుర్రం కాలికి నల్లదారం కట్టింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించమన్నాడు బ్యాండు మేస్త్రి. కడుపునొప్పికి కట్టు ఎక్కడ కడతారని అడిగితే, ఏదో ఒక కాలికి కడితే సరిపోతుందని నవ్వకుండా చెప్పాడు. దాణా అంగడివాడు ఒక పొడి ఇచ్చాడు. అందులో ఏముందో పొట్లం మీద రాసి లేదు, అతనికీ తెలియదు.

నాకు చదువు నేర్పిన అలవాటు ఒకటే. ప్రతి మాటనూ విడిగా తీసి, అది నిజమైతే ఏం జరగాలో, అబద్ధమైతే ఏం జరగాలో చూడటం. ఉలవలు తగ్గించి తవుడు, ఎండుగడ్డి పెంచాం. నొప్పి మళ్ళీ వచ్చింది. నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు తడిమి, పదునెక్కిన అంచులు ఆకురాయితో అరగదీయించాను. నమలడం బాగుపడింది. నొప్పి మాత్రం ఆగలేదు. సూక్ష్మదర్శిని కింద లద్దెలో పురుగుల గుడ్లు వెతికాను. ఆందోళన పడవలసినంత లేవు. దారం కాలిమీదే ఉండగా కూడా నొప్పి వచ్చింది. దాని సంగతి ఆ తల్లికి నేను చెప్పలేదు. కాదని రుజువు చేసే ఓపిక నాలో అప్పటికే తగ్గిపోయింది.

నీళ్ళు సరిగా తాగుతున్నదా అని మొదటిరోజే అడిగాను. తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుందని యజమాని చెప్పాడు. అది అబద్ధం కాదు. నేను వెళ్ళిన ప్రతిసారీ తొట్టి నిండుగానే కనబడింది. కానీ నేను వెళ్ళినవన్నీ నొప్పి వచ్చాక, ఊరేగింపు ముగిసిన మర్నాళ్ళు. పెళ్ళి ఉన్న ఉదయం ఆ లాయాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. తిరుపతికీ చిత్తూరుకీ మధ్య అన్నిసార్లు తిరిగి, నడుం నొప్పితో బస్సులో కూర్చుని అన్ని లెక్కలు వేసినా, ఈ చిన్న సంగతి తట్టలేదు.

ఒకరోజు కాణిపాకం పక్కన ఒక పాడిరైతు ఇంటికి పోయి తిరిగి వస్తూ, దగ్గరే కదా అని లాయంలోకి తొంగిచూశాను. ఆ సాయంత్రం పెళ్ళి ఉన్నది. గుర్రానికి స్నానం చేయించి, తోకకు జరీదారం అల్లుతున్నారు. నీళ్ళ తొట్టి బోర్లించి గోడకు ఆనించి ఉంది.

తొట్టి ఎందుకు బోర్లించారని అడిగాను. అతని తల్లి గడప మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్నది. తలెత్తకుండానే జవాబిచ్చింది.

"పెండ్లినాడు దానికి రోజా, డాక్టరమ్మా. మా మాదిరే."

గుర్రానికి రంజాన్ ఉపవాసం అంటగట్టిన ఆ మాటకు యజమాని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆగిపోయాడు. తరువాత ఒక్కొక్కటిగా చెప్పాడు. అతని తండ్రి రోజుల్లో ఒకసారి, పెళ్ళికూతురి తరపువాళ్ళు హారతి పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చిన చోట గుర్రం మూత్రం పోసిందట. పట్టుచీరల మీద చింది గొడవైందట. అప్పటినుంచి ఊరేగింపు ఉన్నరోజు తెల్లవారినప్పటినుంచీ నీళ్ళు పెట్టరు. తిరిగి వచ్చాక కూడా ఒళ్ళు చల్లబడేదాకా పెట్టరు, వేడిమీద నీళ్ళు తాగితే కాళ్ళు పట్టేస్తాయని. అంటే తెల్లవారుజామునుంచి రాత్రిదాకా చిత్తూరు ఎండలో, డప్పుల మధ్య, చెమట కక్కుతూ, చుక్క నీరు లేకుండా. ఆ ఎండిన కడుపులోకి హారతి పళ్ళెంలోని నానబెట్టిన శనగపప్పూ బెల్లమూ పిడికిళ్ళతో పెట్టడం. పెళ్ళిగుర్రానికి పెడితే శుభమని అక్కడి నమ్మకం. నీళ్ళు పెట్టకపోవడాన్ని ఆ ఇంట్లో ఎవరూ మేపులో భాగంగా ఎంచలేదు. వాళ్ళకు అది తోకకు జరీ అల్లినట్టు అలంకరణలో ఒక పని. అందుకే నేను అడిగిన ఏ ప్రశ్నకూ అది జవాబుగా రాలేదు.

ఇప్పుడే నీళ్ళు పెట్టమన్నాను. అతను తొట్టి వైపు చూశాడు గానీ కదల్లేదు.

"మీకేం మేడమ్, మీరు దీన్ని లాయంలో సూస్తారు. నేను మండపం ముందర నిలబడాల. ఒక్కసారి ఆడ తప్పు జరిగితే ఈ సీజన్‌లో మళ్ళా నన్ను పిలిచేదెవరు?"

గుర్రం చచ్చిపోతే, పిలిచేవాళ్ళున్నా తీసుకుపోవడానికి ఏముంటుందని అడిగాను. కటువుగానే అడిగాను. అలసట మాటలో మెత్తదనాన్ని ముందు తినేస్తుంది. ఆ తరువాత కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. బయలుదేరేదాకా నీళ్ళు ఆపకూడదు. జీను వేసే ముందు కొత్త ఎండుగడ్డి పరచి దానిమీద నిలబెట్టాలి. మెత్తని గడ్డి కాళ్ళకింద తగిలితే చాలా గుర్రాలు అప్పుడే మూత్రం పోస్తాయి. శనగపప్పు శాస్త్రానికి ఒక గుప్పెడు, అంతకుమించి వద్దు. తిరిగి వచ్చాక ఒళ్ళు చల్లబడాలని ఆగకుండా, రాగానే నీళ్ళు ఇవ్వాలి. కాళ్ళు పట్టేస్తాయన్న మాటకు ఆధారం లేదు.

"ఈ గడ్డి సంగతి గ్యారంటీనా?" అని అడిగాడు.

చాలా గుర్రాలు అన్నాను గానీ అన్నీ అనలేదని చెప్పాను.

"ఒక్కమాటకన్నా మీరు గ్యారంటీ అని ఉంటే, నేను సంతోషంతో సచ్చిపోయుందును మేడమ్" అంటూ లేచి తొట్టి తిప్పాడు. గుర్రం మూతి ముంచి, మధ్యలో తల ఎత్తకుండా తాగింది.

ఆ సాయంత్రం నేను తిరుపతి బస్సు ఎక్కలేదు. నా మాట మీద ఒక మనిషి తన పనిని పణంగా పెట్టాడు. ఫలితం ఏమైందో ఎవరో చెబితే వినడం నాకు చాలదు. ఊరేగింపు వెనకే నడిచాను. గడ్డి పరిచి ఎంతసేపు నిలబెట్టినా గుర్రం ఏమీ చేయలేదని అతను బయలుదేరేముందే నాకు చెప్పాడు.

మండపం ద్వారం ఎదుటికి వచ్చాక గుర్రం ఆట మాని ఆగింది. వెనక కాళ్ళు వెడల్పుగా చాచి, పొట్ట దించింది. గుర్రాలు తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే భంగిమ. ఎదురుగా హారతి పళ్ళెంతో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

యజమాని చెయ్యెత్తి బ్యాండును ఆపించాడు. గుర్రం నడుం మీద బరువు పడకుండా ముందుకు వంగమని వరుడికి మెల్లగా చెప్పాడు. ఆడవాళ్ళను రెండడుగులు వెనక్కు జరగమని చేతులు జోడించి అడిగాడు. తరువాత భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులతో సాచి, గుర్రానికీ జనానికీ మధ్య తెరలా పట్టుకుని నిలబడ్డాడు. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు వీధంతా వినిపించింది.

పెళ్ళికూతురి తరపు పెద్దాయన ఒకరు ముందుకు వచ్చారు. "ఏందబ్బా, శుభమా అని వస్తే గడప ముందర ఈ పని?"

అతను తువ్వాలు దించకుండా చెప్పాడు. "పొద్దన్నుంచి మీ పెండ్లికొడుకు ఎన్నిసార్లు పోయొచ్చినాడో అడగండి పెద్దాయనా. దీనికి ఇదొక్కసారే."

గుర్రం మీద వరుడే ముందు నవ్వాడు. తరువాత ఇంకొందరు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఎవరో రెండు బిందెల నీళ్ళు కుమ్మరించారు, బ్యాండు మళ్ళీ అందుకున్నది. హారతి అయింది. గుప్పెడు శనగపప్పు తిని గుర్రం తల ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు బ్యాండు మేస్త్రి, వచ్చేవారం ఆ పెళ్ళికూతురి తరపువాళ్ళ చుట్టాలింట్లో ఒక పెళ్ళి ఉన్నదనీ, ఇక దానికి ఈ గుర్రాన్ని పిలవరనీ అన్నాడు.

లాయంలో జీను దించగానే తొట్టి నింపాడు. ఒళ్ళు ఇంకా వేడిగా ఉన్నదని తల్లి అన్నది, అతను వినలేదు. కాసేపటికి గుర్రం లద్దె వేసింది. వేళ్ళమధ్య నలిపి చూశాను. తడిగా, విడిపోయేట్టుగా ఉన్నది. స్టెతస్కోపు డొక్కకు ఆనించాను. రెండు పక్కలా పేగులు కదులుతున్నాయి. దిష్టి పోయినట్టేనా అని ఆమె అడిగింది. ఒక్క పెళ్ళితో ఏమీ చెప్పలేనన్నాను. ఆమె నిరాశపడలేదు, ఆ జవాబు ఆమెకు అలవాటే.

"పిలవకపోతే పాయె" అన్నాడు అతను, నన్నో తల్లినో కాక తొట్టివైపు చూస్తూ. "ఇది నిలబడి ఉండాది గదా."

మరుసటి ముహూర్తానికి కూడా వస్తానని చెప్పి బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. కాళ్ళు లాగుతున్నాయి, బస్సు ఇంకా ఉన్నదో లేదో తెలియదు. గుర్రం తాగుతూనే ఉన్నది. ప్రతి గుక్కకూ దాని చెవులు ముందుకూ వెనక్కూ కదులుతున్నాయి.