ఎర్ర జెండా కుడితే గోడ మీద ఆకుపచ్చ

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. నా కళ్ళ సంగతి చెబుతాను, తొందరపడకుండా వినండి.

డెబ్బైల చివరి మాట. మా ఆయన దుర్గ్ దగ్గర చరోదా రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నేను ఇంట్లో మిషను మీద యార్డుకి ఎర్ర జెండాలు కుట్టేదాన్ని. ఓ మధ్యాహ్నం అంచు కుట్టి తలెత్తితే, సున్నపు గోడ మీద జెండా అంత ఆకుపచ్చ ముక్క! కన్ను ఎటు తిప్పితే అటు వచ్చింది. కాసేపటికి కరిగిపోయింది.

అత్తగారితో అంటుంటే మా ఆయన చెవిన పడింది. ముఖం పాలిపోయింది.

"ఎరుపు పచ్చగా అగుపడ్డాదా? ఎవులితోనూ అనీకు. వచ్చే నెల నాకు కలర్ విజన్ టెస్టు."

"కళ్ళు నావి కదండీ, టెస్టు మీది."

"అంటుకుంటే ఏటి సేస్తావు? పాయింట్స్ కాడినుంచి తీసీసి గోడౌన్లో పడీస్తారు!"

మిషనుకి తాళం వేసేశారు. "వేడి సేసిందే కోడలా" అని అత్తగారు నా కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టి గుడ్డ కట్టారు. కొన్నాళ్ళుగా ఉన్న తలనొప్పి మాత్రం పోలేదు. దుర్గ్ కంటి డాక్టరు దగ్గరికి వెళ్తానంటే, మా ఆయన "నీ ఇష్టం" అన్నారు. అంటే ఇష్టం లేదని. అయినా వెళ్ళాను.

అప్పుడు పచ్చ సంగతి చెప్పడానికి నోరు రాలేదు, తలనొప్పే చెప్పాను. కళ్ళజోడు ఇచ్చారు. నొప్పి పోయింది. పోరు పెట్టి మిషను తీయించుకున్నాను. మొదటి జెండాకే మళ్ళీ ఆకుపచ్చ!

"సూసావా, ముదిరిపోనాది" అని ఆయన మళ్ళీ తాళం వేశారు.

"ఈసారి మీరూ రండి" అని జెండా మడిచి సంచిలో పెట్టాను.

అంతా విని డాక్టరు నవ్వారు. "బహన్‌జీ, యే బీమారీ నహీ. ఆఫ్టర్ ఇమేజ్."

జబ్బు కాదట, చూసిన రంగు తాలూకు నీడ కంట్లో కాసేపు మిగలడమేనట. కంటి వెనక రెటీనాలో రంగులు పట్టే సెల్స్ ఉంటాయట. ఎరుపునే అదేపనిగా చూస్తే ఎరుపు పట్టేవి అలిసిపోతాయి. తెల్ల గోడలో అన్ని రంగులూ ఉన్నా అవి సరిగా పలకవు, మిగతావే పలుకుతాయి. అందుకే ఆకుపచ్చ. అందరికీ అంతేనట.

మా ఆయన తల దించుకునే కూర్చున్నారు. జెండా విప్పి ఎదురుగా పట్టుకున్నాను. "చూడండి."

"నానొల్లను."

"నా మిషను మూయించారు కదా! రెప్ప కొట్టకుండా ముప్పై లెక్కపెట్టండి."

లెక్కపెట్టి గోడకేసి తిరిగారు. కళ్ళు నులుముకున్నారు.

"ఏం కనబడిందండీ?"

"పచ్చగుంది" అన్నారు, గొణుగుతూ.

"అయితే పదండి, గోడౌన్‌కి!"

కాంపౌండరు కూడా పకపకా నవ్వాడు. ఇంటికి రాగానే ఆయనే మిషను తాళం తీశారు. తర్వాతి నెల టెస్టూ పాసయ్యారు.

ఇది జరిగి ఏళ్ళయింది. నేను ఇంకా కుడుతూనే ఉన్నాను, ఎరుపే. జెండాకీ జెండాకీ మధ్య కాస్త కిటికీలోంచి బయటికి చూస్తాను.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రంగు మరక కాసేపటికి పోతే భయం లేదు. పోకుండా నిలిచినా, మెరుపులు కనబడినా, తెర దిగినట్టున్నా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎవరు వద్దన్నా, ఎవరి ఉద్యోగం అడ్డమన్నా.

మీ ఇంటిల్లిపాదికీ చూపు చల్లగా ఉండాలి. మీ ఆడపిల్లలు ఏం చూశారో బెదరకుండా చెప్పుకునే ఇల్లవ్వాలి మీది.