బాణం కదిలేది, గీత పడేది కాదు

మా ఆయన భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు కొలిచి, గట్లూ తూములూ ఎక్కడ రావాలో కంప్యూటర్లో గీసి ఇచ్చేవారు. ఆఫీసంటూ వేరే లేదు, మా మేడ మీద గదే. ఒకరోజు పొద్దున్న అక్కడి నుంచి దిగుతూ మెట్ల మీదే కూలబడిపోయారు. పక్షవాతమన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట తిరిగొచ్చింది. కాలు ఈడ్చుకుంటూ ఇంట్లో నడిచేవారు గానీ మెట్లెక్కడం కుదరలేదు. కుడిచెయ్యి సగమే వచ్చింది.

మేడ మీది కంప్యూటర్ని కిందికి తెచ్చేద్దామన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అటు తిరిగే, "దాన్ని కదపకు. అది కిందికొస్తే నేనింక పైకెళ్ళను," అన్నారు. నేను మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. నా దగ్గరో ల్యాప్‌టాప్ ఉంది. కింద మంచం పక్కన కూర్చుని, మేడ మీది కంప్యూటర్ని అందులో చూస్తూ పని చేసుకునే ఏర్పాటు ఉంటుందని తెలిసి, నానా తంటాలూ పడి పెట్టాను. తన డ్రాయింగులు ల్యాప్‌టాప్‌లో కనబడగానే ఆయన లేచి కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎవరూ చెప్పకుండా లేచి కూర్చోవడం అదే మొదటిసారి.

కానీ కాసేపు పనిచేశాక తెర ఆగిపోయేది. పూర్తిగా ఆగిపోతే తెలిసేది. ఇది అలా కాదు. మౌస్ జరిపితే బాణం కదిలేది, నొక్కితే మాత్రం గీత పడేది కాదు. ఆయన మళ్ళీ నొక్కేవారు. పళ్ళు బిగపట్టి ఇంకా గట్టిగా నొక్కేవారు.

"నేను నొక్కానా? నువ్వు చూశావా?" అని అడిగేవారు.

"నొక్కారండి. మిషనే ఆగింది."

నమ్మేవారు కాదు. తన మనసు బాధపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నానని ఆయన అనుమానం. కనెక్షన్ తీసేసి మళ్ళీ పెడితే నడిచేది, కాసేపటికి మళ్ళీ అదే. ఒకసారి తెర ఆగినప్పుడు ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని బల్లకేసి కొట్టుకున్నారు. ఆపబోతే నా చెయ్యీ విదిలించేశారు.

ఆ రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. వైఫై బలం లేదేమోనని పొడుగు కేబులు కొని కిటికీలోంచి మేడ మీదికి లాగాను. లాభం లేదు. వాడనప్పుడు నిద్రపోయే సెట్టింగులు రెండింట్లోనూ తీసేశాను. తెర మీద రంగులు తగ్గించాను. రౌటర్ మార్చాను. పిల్లలు పరీక్ష రాస్తుంటే క్లాసులో కూర్చుని, ఫోన్లో ఎవరెవరో రాసుకున్న సలహాలు చదివేదాన్ని. సగం అర్థమయ్యేవి కాదు. ఏదో ఒకటి మార్చిన ప్రతిసారీ ఆయన ఆశగా మౌస్ అందుకునేవారు. అది ఆగేది. చివరికి ఆయన మౌస్ ముట్టుకోవడమే మానేశారు. అన్నం ముందు పెట్టినా అలాగే చూస్తూ కూర్చునేవారు. ఆదివారం చర్చిలో అందరూ ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థిస్తుంటే, నేను మాత్రం ఆ తెర ఆగకూడదని ప్రార్థించాను.

ఒక సలహాలో, రెండు కంప్యూటర్ల మధ్య కబురు అందుతోందో లేదో తెర మీదే పక్కన వేరే విండోలో చూసుకోవచ్చని ఉంది. అలా పెట్టి కూర్చున్నాను. తెర ఆగింది. కబుర్లు మాత్రం ఒక్కటీ తప్పకుండా వస్తూనే ఉన్నాయి. అంటే తప్పు కేబులుదీ కాదు, రౌటర్‌దీ కాదు. ఆ ముక్క పట్టుకుని వెతికితే దొరికింది. మేడ మీది కంప్యూటర్ తెర బొమ్మ కిందికి రావడానికి రెండు దారులుంటాయట. ఒకటి వేగంగా పంపేస్తుంది, రెండోది అందిందో లేదో చూసుకుంటూ పంపుతుంది. ఆ వేగం దారి దగ్గరే చిక్కుపడుతోందని, ల్యాప్‌టాప్‌లో దాన్ని మూసేసి రెండో దారి ఒక్కటే ఉంచమని రాశారు. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉంది. మూసేశాను.

ఆ సాయంత్రమంతా తెర ఆగలేదు. బతిమాలి ఆయన చేతిలో మౌస్ పెట్టాను. బాణాన్ని గట్టు మూల దాకా తీసుకెళ్ళి నొక్కారు. గీత పడలేదు. మళ్ళీ నొక్కారు.

"ఇప్పుడు ఆగిందా?" అని నావైపు చూశారు.

కబుర్ల విండో చూశాను, వస్తూనే ఉన్నాయి. నేను మౌస్ తీసుకుని నొక్కితే గీత పడింది. మిషనే ఆగిందండి అనడానికి ఇక వీల్లేదు. అన్నాళ్ళూ ఆ మాట నాకే ఎంత ఆసరాగా ఉండిందో అప్పుడు తెలిసింది.

"లేదండి," అన్నాను.

"అయితే వేలే."

ఏడుస్తారనుకున్నాను. నాకే ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి పిలిచారు. వచ్చి చూస్తే మౌస్ ల్యాప్‌టాప్‌కి ఎడమపక్కన ఉంది. బటన్లు అటుదిటు, ఇటుదటు మార్చమన్నారు. మార్చాను. ఎడమచేత్తో గీసిన మొదటి గట్టు గీత చెరువు దాటి పక్కవాళ్ళ పొలంలోకి పోయింది. చెరిపి మళ్ళీ గీశారు.

ఆ ఒక్క చెరువు పూర్తికావడానికి చాలా రోజులు పట్టింది. ఆ చెరువు రైతు వచ్చి కాగితాలు చూసుకుని, ఇంకో చెరువుందండి, తొందరేం లేదన్నాడు. మా ఆయన తలూపారు. అతను గేటు దాటాక, అలసిపోయి, అన్నం తినకుండానే నిద్రపోయారు.