నాన్న వేసిన మూడు వందల అంగలు

సముద్రానికి రెండు వందల మీటర్ల లోపల ఇల్లు కట్టకూడదనే నిబంధన నాన్నకు ముందే తెలుసు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. అందుకే వాకాడు అవతల ఆ ఇసుక నేల బేరానికి వచ్చినప్పుడు పంచె ఎగ్గట్టి, నీళ్ల అంచున నిలబడి, అక్కణ్ణించి పడమరగా మూడు వందల అంగలు వేశాడు. చివరి అంగ పడినచోట కర్ర గుచ్చి, "ఈడ నుంచి కొందాం అమ్మాయ్, ఏ పేచీ ఉండదు" అన్నాడు.

మాది కోవూరు. తాతల కాలం నుంచీ వరి తప్ప మరొకటి ఎరగం. కాలవ గట్టు ఎక్కడుంటే అక్కడే ఉంటుంది కాబట్టి సముద్రానికీ అలాంటిదేదో ఉంటుందనుకున్నాడు నాన్న. అది ఆటు సమయమని, సాయంత్రానికి నీళ్లు ఎంత ముందుకొస్తాయోనని ఆయనకు తోచలేదు. పక్కనే ఉన్న నాకూ తోచలేదు. ఆఫీసులో రోజంతా కాగితాలు చూసేదాన్ని, నాకు తోచాల్సింది. నేల చూడగానే ఆశ పుట్టింది, అంతే.

నాన్న ఆశ వేరు, నా ఆశ వేరు. ఆయనకు ఒక గది, దాని ముందు వసారా, కూర్చుని చూడటానికి సముద్రం చాలు. నాకు నాలుగు గదులు కావాలి, శని ఆదివారాలు చెన్నై నుంచి వచ్చేవాళ్లకు అద్దెకివ్వాలి. ఇద్దరం కలిసి ముప్పై అంకణాలు, అంటే రెండు వందల నలభై గజాలు కొన్నాం. నెల్లూరువాళ్లకు గజాల్లో చెబితే స్థలం కళ్లకు కట్టదు, అంకణాల్లో చెప్పాల్సిందే.

ఆ తర్వాత రెండేళ్ల ఆదివారాలను తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. పొద్దున్నే బస్సు. కిటికీ పక్క సీటు ఎప్పుడూ నాన్నదే. వెంకటాచలం దాటేలోపే క్యారియర్ మూత తీసి, పెరుగన్నంలో గోంగూర నంజుకుంటూ, ఇల్లు ఎటు ముఖంగా ఉండాలో మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. అక్కడికి చేరాక పార తీసుకుని ఇసుకతో చుట్టూ గట్టు వేసేవాడు. వచ్చే ఆదివారానికి గాలి దాన్ని చదును చేసేసేది. ఆయన మళ్లీ వేసేవాడు.

మా స్థలాన్ని ఆనుకుని ఒక తాటాకుల ఇల్లుండేది. ఇంటాయన సముద్రం మీద చేపల వేటకు వెళితే, ఇంటావిడ ముంగిట్లో చేపలు ఎండబెట్టుకునేది. నాన్నను అన్నా అని పిలిచింది కాబట్టి నాకు అత్త అయింది.

"ఏందన్నా, ఇసకలో నాట్లేస్తావా?" అని నవ్వేది.

"హద్దనేది ఒకటి ఉండాలమ్మా" అనేవాడు నాన్న, పార ఆపకుండా.

ఇంటి ప్లాను గీయించి అనుమతికి పెట్టాం. ఒక అధికారి మ్యాపు పట్టుకుని వచ్చి చూశాడు. మా ముప్పై అంకణాలూ ఇల్లు కట్టకూడదని గీసిన గీతకు లోపలే ఉన్నాయి.

"నేను అంగలేసి కొలిచినాను సార్" అన్నాడు నాన్న.

"నీళ్లున్న చోటు నుంచి కాదు పెద్దాయనా. పోటెక్కినప్పుడు ఎందాకా వస్తాయో ఆడి నుంచి కొలవాల. వేట మీద బతికేవాళ్ల ఇళ్లకైతే వేరే దారి ఉండాది. మీకు కుదరదు."

నిబంధన పాటించి మరీ తప్పు చేశానని నాన్నకు తలకొట్టేసినట్టయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పట్టుదల పెరిగింది. స్థలం చూపించిన బ్రోకరును పట్టుకుంటే రెండు మాటలు చెప్పాడు. ఇల్లు పక్కింటావిడ పేరు మీద కట్టండి, ఎవరూ ఏమీ అనరన్నది మొదటిది. రెండోది గొంతు తగ్గించి చెప్పాడు: "ఆమె పేరు గవర్నమెంటు ఇళ్ల జాబితాలో ఉండాది మేడమ్. ఇల్లున్నట్టు రికార్డయితే అది పోతాది. ఆ మాట మీరు ఎత్తబాకండి."

నేను ఎత్తలేదు. నాన్నకు మొదటి మాటే చెప్పాను. ఆయన రెండు వారాలు తటపటాయించాడు. చివరికి అడిగితే అత్త, "సంతకమే కదన్నా, పెడతాలే" అంది.

పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. ఏ కాగితం అడుగుతారోనని అత్త ఇంట్లో ఉన్నవన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చి, అది నాన్న చేతికిచ్చి మంచినీళ్లకు వెళ్లింది. చేతిలోకొచ్చిన కాగితమల్లా చదవడం నాన్నకు అలవాటు. ఒక్కొక్కటీ తీసి చదువుతూ, ఇల్లు మంజూరుకు ఎంపికైనట్టున్న కాగితం దగ్గర ఆగిపోయాడు. కింద సన్నటి అక్షరాల్లో ఉన్న షరతులు కూడా చదివాడు. కళ్లద్దాలు తీసి నావైపు తిరిగాడు.

"ఈ సంగతి నీకు తెలుసా?"

"తెలీదు నాన్నా."

కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు. కాగితాలన్నీ మడిచి కవరులో పెట్టి, అత్త తిరిగి రాగానే చేతికిచ్చాడు. "వద్దులేమ్మా. ఇంటికి పో" అన్నాడు. ఆవిడకేమీ అర్థం కాలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. దారి పొడుగునా ఇంటి మాట ఎత్తలేదు.

ఆ ఇల్లు కట్టలేదు. నాన్న పోయి చాలా కాలమైంది. కొనేవాడు లేక ఆ స్థలం అలాగే పడి ఉంది. అప్పుడప్పుడూ వెళతాను. అత్తకు మంజూరైన ఇల్లు వచ్చింది, ముందు చిన్న వసారా కూడా వేయించుకుంది. పోయిన నెల అక్కడే కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెట్టింది.

"పంచాయతీ ఆఫీసుకు పోయిన మర్నాడు మీ నాయన ఒక్కడే వచ్చినాడు పాపా" అంది ఉన్నట్టుండి. "'నేను సంతకం పెట్టించేవాణ్ణే, మా అమ్మాయే ఆ కాగితం చూసి వద్దనింది. దండం పెట్టేదుంటే దానికి పెట్టు' అనినాడు. నువ్వు ఆ పొద్దు వద్దనబట్టి గదా నాకీ ఇల్లు."

నేను తెలీదన్నది అబద్ధమని నాన్నకు ఆ రోజే తెలుసు.  కాదత్తా, నాకు తెలిసే ఊరుకున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. చెబితే నాన్న నాకోసం ఆడిన అబద్ధం బయటపడుతుంది.