పలకలు వినే రోశమ్మ

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రోశమ్మది ముప్పై ఏళ్ల చెయ్యి. పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి మెటికతో ఒక్కటి కొడుతుంది. ఖంగుమంటే మంచిది, మోగకుంటే లోపల పగులున్నట్టు. ఇంజనీర్ల కంటికి ఆనని పగులు కూడా ఆమె చెవిని తప్పించుకోలేదు. చదువు మాత్రం సున్నా. ఊళ్లో పిల్లలందరూ రాసుకునే పలకలు ఆమె చేతుల మీదుగా పోయాయి గానీ, ఒక్కదాని మీదా ఆమె అక్షరం పెట్టలేదు. ఆ దిగులు ఉంది, ఎవరికీ చెప్పదు.

కోడలు అనురాధ డిగ్రీ చదివి, ఒక వెబ్‌సైటుకు వ్యాసాలు రాయడానికి కుదిరింది. మొదటి రెండూ భాష మరీ కృతకంగా ఉందని తిరిగొచ్చాయి. మూడోదీ అలాగే ఉంటే ఇక పంపవద్దన్నారు. ఆ మూడోది పలకల గురించే. ఇంటికి తెచ్చుకున్న పలకలు ఏరుతున్న అత్త పక్కన కూర్చుని, ఆ పిల్ల బిక్కమొహంతో పైకి చదువుకుంటోంది.

"ఈ పలకలు కార్మికుల చేత తయారుచేయబడి, విద్యార్థుల ద్వారా వినియోగించబడుచున్నవి."

రోశమ్మ మెటిక ఆగిపోయింది. "యాడనో పగిలింది మ్మే."

"పలకా అత్తా?"

"నీ మాట. ముప్పై ఏండ్లు చేసినానే, మేం చేస్తామని చెప్పేదానికి ఏం రోగం?"

అనురాధ పకపకా నవ్వి దిద్దింది. "మేం చేస్తాం, పిల్లలు రాసుకుంటారు." రోశమ్మ మంచి పలక మీద ఖంగున కొట్టింది. ఇక ఆ మధ్యాహ్నమంతా అదే వరస. వాక్యం బాగుంటే ఖంగు, లేకుంటే మౌనం. రోశమ్మకు హుషారెక్కి ఒక పేరా మొత్తం అవతల పారేయమంది.

"మూడు దినాలు కూర్చోని రాసినాను అత్తా!"

"మూడు దినాలు చేసినామని పగిలిన పలక పిల్లల చేతికిస్తామా?"

అనురాధ మూతి ముడుచుకుంటూనే ఆ పేరా కొట్టేసింది.

వారం తిరక్కుండా వ్యాసం వెబ్‌సైటులో వచ్చింది. ఇంకో నాలుగు రాయమన్నారు కూడా. అనురాధ ఎగురుకుంటూ వచ్చి ఫోను చూపించింది. "అత్తా, కింద చూడు. దిద్దినవారు రోశమ్మ అని ఏయించినా."

"యాడుంది నా పేరు?"

అనురాధ ఒక పలక తీసుకుని ఆ మూడక్షరాలూ పెద్దగా రాసింది. రోశమ్మ వాటిని చాలాసేపు చూసింది. కళ్లు తడయ్యాయి, ఆమె దాచుకోలేదు. ఎప్పటిలా పలకను చెవి దగ్గరికి తీసుకోలేదు. ఒళ్లో పెట్టుకుని చెయ్యి చాపింది.

"బలపం ఇట్లియ్యి మ్మే."