వరండా చివరి గోడ

ఆ విద్యార్థుల హాస్టల్లో ఇరవై ఆరేళ్లుగా వడ్రంగి పనంతా ఆయనదే. పిల్లలు ‘చెక్క బాబాయ్’ అంటారు. ఊడిన గడియకీ కుంగిన మంచానికీ ఆయనే దిక్కు. ఆయన సలహా మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

పదిహేనేళ్ల కిందట ఒక వార్డెన్‌కు, పిల్లలు వరండా చివరి కిటికీ దగ్గర చేరి కబుర్లాడుకోవడం కంటగింపయింది. నాలుగు అంతస్తుల్లోనూ ఆ కిటికీలకు అడ్డంగా ప్లైవుడ్ గోడలు పెట్టమన్నాడు.

“వెలుతురు పోతుందండీ,” అన్నాడు బాబాయ్.

“లైట్లున్నాయిగా.”

అంతటి జ్ఞానబోధ విన్నాక మాట్లాడేదేముంది? బాబాయ్ పలకలు నిలబెట్టాడు. కాకపోతే మేకులు కొట్టకుండా స్క్రూలు బిగించాడు. వార్డెన్ ఆర్నెల్లకే బదిలీ అయ్యాడు. గోడలకు బదిలీలుండవు కదా, ఉండిపోయాయి. వాటిని తీసేయమని బాబాయ్ పెట్టుకున్న అర్జీలను ఆఫీసు ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తూనే ఉంది.

ఈ ఏడు కమిటీవారికి హాస్టల్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మొదట మొత్తం కూలగొడదామన్నారు. తర్వాత, ఉన్నదాన్నే వీలైనంత తక్కువ మార్పులతో బాగుచేయమని ఒక ఆర్కిటెక్ట్ అమ్మాయిని పిలిచారు. ఆమె మూడు రోజులు గదిగదీ తిరిగింది. నాలుగో రోజు పొద్దున్న వరండా చీకట్లో ఆ పలకను తట్టింది.

“ఇదెవరు పెట్టారండీ?”

“నేనేనమ్మా. తిట్టాలనుకుంటే కానివ్వండి.”

“తీయడానికి ఎన్నాళ్లు పడుతుంది?”

“భోజనాల వేళకి అయిపోతుంది.”

ఆమె నమ్మలేదు. బాబాయ్ స్టూలెక్కాడు. రెండు స్క్రూలు తుప్పుపట్టి మొండికేశాయి, తక్కినవి బుద్ధిగా వచ్చేశాయి. పన్నెండు కాకుండానే పలకలు దిగాయి. వెనక ఆనాడే పడేసిన విరిగిన కుర్చీల గుట్ట, దాని వెనక కిటికీ. ఎండ వరండా పొడుగునా పాకింది. గదుల్లోంచి వచ్చిన పిల్లలు, తమ హాస్టల్లో ఇంత పెద్ద కిటికీ ఉందా అన్నట్టు చూశారు. బాబాయ్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

మిగతా మూడు గోడలు తీయడానికి అనుమతి నెల తర్వాత వచ్చింది. అప్పటికే ఆ మూడు గోడల పలకలూ గదుల్లో పుస్తకాల అరలైపోయి మూడు వారాలైంది.

ఆర్కిటెక్ట్ తన నివేదికలో బాబాయ్‌ని ‘సలహాదారు’ అని రాసింది. వడ్రంగి సలహాదారెలా అవుతాడని ఆఫీసువారు ఆ మాట కొట్టేశారు. బాగుచేసిన హాస్టల్ ప్రారంభోత్సవంలో అధ్యక్షులవారు కమిటీ దూరదృష్టిని గంటసేపు కొనియాడారు.

“నిన్నేమైనా పిలిచారా?” అని అడిగింది భార్య.

“పిలవకేం? రిబ్బన్ కట్టమన్నారు.”

“కట్టావా?”

“కిటికీకి అడ్డం రాకుండా కట్టాను,” అన్నాడు బాబాయ్.