తిరుగు టిక్కెట్టు

మా మరదలు లీసా నోరు మంచిది కాదట. సంతలో చేపలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి చర్చి మెట్ల మీద కొవ్వొత్తులమ్మేవాళ్ళ దాకా అందరిదీ అదే మాట. అనేవాళ్ళలో ఐదు కుటుంబాలు మరీ రెచ్చిపోతున్నాయి. ఆ ఐదిళ్ళ పిల్లలూ ఇవాళ పొద్దున కూడా ఇంట్లో కూర్చుని వేడివేడిగా అన్నం తిన్నారు. ఎవరి పుణ్యమా అని తిన్నారో వాళ్ళకు తెలియదు. తెలిసినా ఒప్పుకోరు. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది, అందుకే చెబుతున్నాను.

ఎఫ్రెన్ నా తమ్ముడు, లీసా వాడి భార్య. ఊళ్ళో జనాన్ని ఎక్కించుకునే జీప్నీ నడిపి నడిపి వాడి నడుం పోయింది, మందుల షాపులో ఆమె ఉద్యోగం పోయింది. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక ట్రావెల్ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకున్నారు. ఇంటి ముందుగదే ఆఫీసు. కంపెనీవాళ్ళు మూడు రోజులు శిక్షణ ఇచ్చి, గేటుకు కట్టుకోమని విమానం బొమ్మ ఉన్న బ్యానరు చేతిలో పెట్టారు. ఆ గేటు పక్కనే నేను అరటిపళ్ళు చక్కెరలో వేయించి అమ్ముతాను. కిటికీలోంచి లోపలి ప్రతి మాటా వినపడుతుంది. వినకూడదని నేనూ ఎప్పుడూ అనుకోలేదు లెండి.

టిక్కెట్లు ఎవరైనా అమ్ముతారు. మా కబనతువాన్ ఊరి జనం లీసా దగ్గరికే రావడానికి కారణం ఆమె ఇస్త్రీ బల్ల. చేతిలో పాస్‌పోర్టూ టిక్కెట్టూ ఉన్నా సరే, దొంగచాటుగా పనికి పోతున్నామని మా విమానాశ్రయంలో అధికారికి అనుమానం వస్తే, విమానం ఎక్కనివ్వకుండా వెనక్కి పంపేస్తాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో లీసాను అలాగే పంపేశారు. సింగపూర్‌లో ఉన్న అక్కను చూడబోతుంటే, "చూడ్డానికా, పాచిపనికా?" అని వరసలో అందరి ముందూ అడిగాడట. ఆ మంట ఆమెలో ఇంకా చల్లారలేదు. అందుకే గదిలో ఇస్త్రీ బల్ల అడ్డంగా వేసి, దాని వెనక ఎఫ్రెన్‌ను నీలం చొక్కాతో అధికారిలా కూర్చోబెట్టి, ప్రయాణికులకు తర్ఫీదు ఇచ్చేది.

"ఎందుకెళ్తున్నావ్?" వాడు గొంతు బొంగురు చేసి అడిగేవాడు.

"గుళ్ళు చూడ్డానికి సార్."

"ఇక్కడ ఆదివారం చర్చికే రావు, అక్కడ గుళ్ళా?"

"ఎఫ్రెన్, వేషాలు ఆపు!" లీసా కసిరేది. "నువ్వు నేల చూపులు చూడకు నాయనా. టిక్కెట్టు ఎవరు కొన్నారంటే నేనే దాచుకుని కొన్నానను. ఎన్నాళ్ళంటే మూడు రోజులు అను. తలెత్తి చెప్పు."

నాలుగేళ్ళలో ఒక్కరూ విమానాశ్రయం నుంచి వెనక్కి రాలేదు. ఆ పేరు విని రొవేనా మేడం అనే మహాతల్లి మా గేటు తీసుకుని వచ్చింది. సెంటు వాసన, చేతిలో మిఠాయి పెట్టె, ఎవర్ని చూసినా "బంగారం" అని పిలుపు. ఆఫీసు విహారయాత్ర అని చెప్పి, విడతకు ఆరుగురు చొప్పున కుర్రకారును బ్యాంకాక్ పంపేది. నా అరటిపళ్ళు తిని వేళ్ళు నాక్కుంటే నేనూ మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

కంప్యూటర్ పని ఎప్పుడూ ఎఫ్రెన్‌దే. ఓ రోజు వాడు పన్నునొప్పితో పడుకుంటే లీసా కూర్చుంది. రొవేనా పంపిన మూడు విడతల పేర్లూ తీసి చూసింది. పద్దెనిమిది మంది. పద్దెనిమిది తిరుగు టిక్కెట్లూ, వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడే రద్దయ్యాయి.

"రద్దు చెయ్యమని మేడమే చెప్పింది. కార్యక్రమం పొడిగించారట," అన్నాడు ఎఫ్రెన్ బుగ్గ పట్టుకుని.

"అందరిదీ పొడిగించారా? ప్రతిసారీనా? అడగాలని నీకు తోచలేదా?"

"మనం టిక్కెట్లు అమ్మేవాళ్ళం లీసా. కాపలావాళ్ళం కాదు."

ఆ వారంలోనే ఐసు అమ్మే ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆయన కొడుకు మొదటి విడతలో వెళ్ళాడు. "మావాడి తిరుగు విమానం ఏ రోజమ్మా? టిక్కెట్టు మీరే ఇచ్చారుగా?" అని అడిగాడు. కొడుకు ఒక్కసారే ఫోన్ చేశాడట, అదీ గుసగుసగా. సరిహద్దు దాటించి గోడల మధ్య పెట్టారు, ముక్కూముఖం తెలియనివాళ్ళను ఫోన్లో మోసం చెయ్యమంటున్నారు, కాదంటే కొడుతున్నారు, చెల్లెల్ని మాత్రం పంపకండి అన్నాడట. లీసా ఇస్త్రీ బల్ల వైపు చూసింది. ఆ పిల్లాడికి తలెత్తి చెప్పమని నేర్పింది తనే.

పోలీసుల దగ్గరికి వెళ్ళింది. తండ్రి సంతకం కావాలన్నారు. కొడుకును చంపేస్తారేమోనని ఆయన పెట్టనన్నాడు. కంపెనీకి ఫోన్ చేసింది. "రొవేనా గారు మాకు పెద్ద కస్టమర్, పుకార్లు పుట్టించకండి," అన్నారు. దిక్కుమాలిన కంపెనీ, దిక్కుమాలిన బ్యానరు!

నాలుగో విడత జాబితా వచ్చింది. అందులో ఆరో పేరు క్రిజెల్. జ్ఞానస్నానం నాడు లీసా, ఎఫ్రెన్ జ్ఞాన తల్లిదండ్రులుగా చేతుల్లోకి తీసుకున్న పిల్ల. తల్లి పూరింగ్ చేపలు పొగబెట్టి అమ్ముతుంది. లీసా పరుగున వెళ్ళి ఉన్నదంతా చెప్పింది.

పూరింగ్ నవ్వింది. "అప్పట్లో నువ్వు దాటలేకపోయావ్. ఇప్పుడు నా కూతుర్నీ దాటనివ్వవా?"

"పిన్నీ, నువ్వలా భయపెట్టకు," అంది క్రిజెల్. "ఇక్కడే ఉంటే నేనూ అమ్మలా పొగలో కళ్ళు పోగొట్టుకోవాలి. నాకు కిటికీ పక్క సీటు ఇప్పించు చాలు. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ."

తను కాదంటే రొవేనా ఇంకో ఏజెంటు దగ్గరికి పోతుంది. అందుకే లీసా టిక్కెట్లు తీసింది. క్రిజెల్‌ది మాత్రం తేదీ ఎన్నిసార్లైనా మార్చుకునే రకం తీసింది. తర్వాత ఎఫ్రెన్‌ను ప్రయాణికుల్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళే వ్యాను కడిగి రమ్మని పంపి, ఆరుగుర్నీ ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టింది.

"ఈసారి పద్ధతి మారింది," అంది. "బట్టీపట్టిన జవాబులు ఆఫీసర్లు ఇట్టే పసిగడుతున్నారు. నిజమే చెప్పండి. టిక్కెట్టు రొవేనా మేడం కొంది. అక్కడ ఉద్యోగం ఇస్తానంది. అంతే."

కిటికీ బయట నేను మూకుట్లో పళ్ళు తిప్పడం మరిచిపోయాను. నాలుగేళ్ళ పేరు ఆమె తన చేతులతోనే మట్టిలో కలుపుకుంటోంది. అయినా ఆరుగురూ బుద్ధిగా తలూపారు. లీసా మాటంటే అంత నమ్మకం మరి.

శనివారం పొద్దున్నే ఎఫ్రెన్ వాళ్ళను వ్యానులో తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికి ఫోన్ల మీద ఫోన్లు. ఐదుగుర్ని వెనక్కి పంపేశారు. తల్లులు గేటు ముందు చేరి శాపనార్థాలు పెట్టారు. లీసా అన్నీ పడింది. నేను చూశాను, ఆమె ముఖంలో వెలుగుంది. పేర్లు లెక్కపెట్టుకుంటోంది. ఐదు దగ్గర ఆగిపోయింది.

ఎఫ్రెన్ ఒంటరిగా వ్యాను దిగాడు.

"క్రిజెల్ ఏదిరా?" అన్నాను.

"వెళ్ళిపోయింది అక్కా. అది మన పిల్ల కదా, చురుకు," అన్నాడు గర్వంగా.

తర్వాత బయటపడింది. వెనక ఐదుగురూ చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోయారట. ముందు సీట్లో క్రిజెల్ తన జవాబులు వల్లించిందట. అవి విని వీడు అదిరిపడ్డాడు. "మీ పిన్ని పొరపాటు పడింది," అని చెప్పి, దారి పొడుగునా పాత జవాబులన్నీ నేర్పించాడు. మూడు రోజులు, గుళ్ళు, నా డబ్బు, తలెత్తి.

"అందరి ముందూ నీకు జరిగిన అవమానం దానికి జరక్కూడదనుకున్నాను లీసా," అన్నాడు. "రొవేనా గురించి నువ్వు చెప్పింది నేను నమ్మలేదు."

నా చేతిలో అట్లకాడ ఉంది. విసిరాను. తగల్లేదు, ఆ బాధ నాకింకా ఉంది. లీసా మాత్రం లోపలికి వెళ్ళి ఇస్త్రీ బల్ల మడిచి గోడకు తిప్పి పెట్టింది.

మర్నాడు రొవేనా నుంచి మెసేజ్ వచ్చింది, క్రిజెల్ తిరుగు టిక్కెట్టు రద్దు చెయ్యమని. లీసా చెయ్యలేదు. ఆ టిక్కెట్టు ప్రకారం క్రిజెల్ రావలసిన మంగళవారం విమానాశ్రయానికి వెళ్ళి, చివరి మనిషి బయటికొచ్చేదాకా నిలబడి తిరిగొచ్చింది. అప్పటికి రొవేనా ఫోనూ లేదు, క్రిజెల్ ఫోనూ లేదు. పూరింగ్ ఫిర్యాదు మీద సంతకం పెట్టింది. ఆమెను చూసి ఐసు ముసలాయనా పెట్టాడు. కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో ఆ అధికారులకే తెలియాలి. ఎఫ్రెన్ నెలకు రెండుసార్లు ఆ ఆఫీసు గుమ్మంలో నిలబడి వస్తాడు. ఇంట్లో తలెత్తడు. నేనూ వాడితో సరిగా మాట్లాడను.

ఇది జరిగి ఐదు నెలలైంది. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే పూరింగ్ తిన్నగా మా గదికి వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని లీసా పక్కన కూర్చుంటుంది. లీసా కంప్యూటర్ తెరిచి తిరుగు టిక్కెట్టు తేదీ మరుసటి వారానికి జరుపుతుంది.

మొన్న కూడా జరిపింది. "ఏ రోజు వేశావ్?" అని అడిగింది పూరింగ్.

"వచ్చే మంగళవారం."

"కిటికీ పక్కేనా?"

"కిటికీ పక్కే," అంది లీసా.