రేషన్ దుకాణం మలుపులో పిక్క నొప్పి

రేవులో టాలీ గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఓడ నుంచి దిగే బస్తాలను చూసి లెక్కకు గీతలు గీయడమే ఆ పని. కుర్చీలు ఉండేవి కావు. గొంతుకూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని రాసేవాళ్లం. డైరీ కూడా అలాగే రాస్తాను, పొద్దున లేవగానే, వరండాలో. రిటైరై పన్నెండేళ్లయినా కుర్చీలో కూర్చుంటే నాకు చెయ్యి సాగదు.

రాయడం అయ్యాక నేనూ మా ఆవిడా మేముండే వాట్‌గంజ్ పేట నుంచి గంగ ఒడ్డు దాకా నడిచి, ఘాట్ దగ్గర మట్టి కప్పుల్లో టీ తాగి వచ్చేవాళ్లం. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఈ ఊరు చూపించింది ఆ దారి వెంటే.

పోయిన వర్షాకాలంలో నా పాత స్నేహితుడొకడు మా కింద వాటాలో దిగాడు. రేవులో బస్తాలెత్తే వించ్ నడిపినవాడు, శ్రీకాకుళం వైపు మనిషి, నాకన్నా రెండేళ్లు పెద్ద. భార్య పోయి చాలా కాలమైంది. నన్ను బావా అంటాడు, మా ఆవిడను సెల్లీ అంటాడు. ఒంటరి మనిషని ఆమె రోజూ కూర గిన్నె పంపేది. పొద్దున నడకకు అతనూ మాతో రాసాగాడు.

ఆ తరవాత కొన్నాళ్లకే నాకీ బాధ మొదలైంది. నడకలో రేషన్ దుకాణం మలుపు రాగానే కుడి పిక్క పట్టేసేది. కండ రాయిలా ముడిపడిపోయేది. గోడకు చెయ్యి ఆనించి, మడమ నేలకు నొక్కి, ముడి విడేదాకా పళ్లు బిగించుకుని నిలబడాల్సి వచ్చేది. మొదట్లో ఆమె నా పక్కనే నిలబడేది.

"నువ్వీ అరుగు మీద కూకో బావా. సెల్లిని నాను గంగ దాకా తిప్పి తెచ్చెత్తాను. ఆపాటికి నీ పిక్క దారికొచ్చెత్తాది," అన్నాడు అతను ఒకరోజు.

ఆమె నా వంక చూసింది. వెళ్లమన్నాను. అది మర్యాదకు అన్న మాటని ఆమెకు తెలియవద్దా? వెళ్లింది.

ఇక రోజూ అదే వరస. అరుగు మీద కూర్చుంటే వాళ్ల వీపులు కనిపించేవి. పైకి కట్టిన లుంగీ కింద అతని పిక్కలు కూడా. ఆ వయసులో అంత గట్టి పిక్కలు అతనికెందుకు? పక్కన నడవడానికి భార్యయినా లేదు, నా భార్య తప్ప. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. ఎందుకంత నవ్వని అడిగితే, "ఏటీ లేదు, అన్నయ్య ఏదో అన్నాడు," అనేది.

డాక్టరు రక్తం పరీక్ష చేయించి, లోపమేమీ లేదు, నీళ్లు బాగా తాగండి అన్నాడు. నేను క్రమం తప్పని మనిషిని. ఎన్ని గ్లాసులు తాగిందీ, నొప్పి ఎంతసేపు ఉన్నదీ డైరీలో ఎక్కించాను. వాళ్లిద్దరూ ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వచ్చిందీ, ఆమె ఏ చీర కట్టుకుందీ కూడా. వాళ్ల నవ్వులకు టాలీ గీతలే గీశాను, నాలుగు నిలువుగా, అయిదోది అడ్డంగా.

ఒక పొద్దున నేనింకా రాస్తుండగానే ఇద్దరూ చెప్పులేసుకుని వచ్చి నిలబడ్డారు.

"ఏటి బావా, అంత రాత్తన్నావు? ఇదివరకు నాలుగు ముక్కలు గీకి లెగిసిపోయీవోడివి. ఇప్పుడు గంటయినా గొంతుకూకునే ఉంతన్నావు. అలా కూకుంతే నా పిక్కలైనా పట్టెత్తాయి!"

"నిజమేనండి," అంది మా ఆవిడ. "లెగిసేటప్పుడు గోడ పట్టుకుంటన్నారు."

ఆ రోజు నేను నడకకు పోలేదు. వాళ్లు వెళ్లాక డైరీ తిరగేశాను. వర్షాలకు ముందు రోజుకు అయిదు వరుసలు. అతను కింద దిగిన వారం నుంచి పేజీ నిండింది, ఏ పూట ఏ కూర వెళ్లిందో రాసినందువల్ల. ఆ పేజీలు మొదలైన పది రోజులకు మొదటి నొప్పి. వాళ్లిద్దరూ కలిసి నడవడం మొదలుపెట్టాక మూడు పేజీలు, నొప్పీ దానికి తగ్గట్టే. అన్నీ రాసుకున్నాను గానీ ఎంతసేపు రాశానో రాసుకోలేదు. ఆ సంగతి అతను పట్టుకున్నందుకు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు డైరీ ముట్టకుండా బయలుదేరాను. మలుపు దగ్గర పిక్క కొద్దిగా గుంజింది గానీ బిగియలేదు. ఘాట్ దాకా వాళ్లిద్దరి మధ్యనే నడిచాను.

టీ అమ్మే బెంగాలీ అబ్బాయి నాకు కొత్తవాడు. "మాసీమా" అని పిన్నిని పిలిచినట్టు పిలిచి, అడగకుండానే ఆమెకు చక్కెర లేని టీ ఇచ్చాడు, నా స్నేహితుడికి చక్కెర దట్టించిన టీ. నన్ను చూసి ఆగాడు.

"కాకు, ఆప్‌నార్ చినీ?"

బాబాయ్, మీకు చక్కెర వేయాలా అని. ఆమె వైపు తిరిగాను. "ఎప్పుడు మానేశావు?"

"మీరు అరుగు మీద కూకున్న కాణ్నించే," అంది. ఇంట్లో మాకు కాఫీయే, అందుకే నాకు తెలియలేదు. ఆ ముక్క నా డైరీలో ఎక్కడా లేదు.

నాకూ చక్కెర వద్దన్నాను. నాకు చక్కెర లేని టీ అసలు పడదు.

"ఏటి బావా, మొకం అలా ఎట్టావు? మళ్లీ పిక్కేటి?"

"టీ బాగుంది," అని చివరి చుక్క దాకా తాగాను.